బెల్టు పెట్టుకోండి మేడమ్

మా అమ్మకి కోపం వస్తే ఆవిడ మాటల్లోంచి మనుషులు మాయమైపోతారు. మామూలుగా అయితే "తిన్నావా?" అని అడుగుతుంది. అలిగితే "తినడం అయిందా?" అంటుంది, అదీ గోడ వైపు తిరిగి. "ఎప్పుడొస్తావ్?" అనాల్సిన చోట "రావడం ఎన్నింటికో!" అంటుంది. అందులో నువ్వూ ఉండదు, మీరూ ఉండదు. నేను దానికి ఎవరూ లేని భాష అని పేరు పెట్టాను. ఆ భాషలో అమ్మకి సరైన జోడీ రాట్నం పిన్ని. వాళ్లిద్దరూ అలిగారంటే పంపు దగ్గర వినాల్సిందే.

"ఎవరిదో బకెట్టు దారికి అడ్డంగా ఉన్నట్టుంది."

"కళ్లుంటే పక్కనుంచి పోవచ్చు."

"ఉన్నాయి కాబట్టే కనపడింది."

మర్నాడు పొద్దున్నకల్లా మళ్లీ ఒసే అంటే ఒసే. ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఈ వేసవిలో రాట్నం పిన్ని మా అమ్మని "మీరు" అంది. అలిగి కాదు, ఎగతాళికి కాదు, నిజంగానే అంది. అలా అనేలా చేసింది నేను, అదీ మా అమ్మ మీద ప్రేమతో, నా మొదటి జీతంతో.

అమ్మ పనిచేసేది పార్కులో. చెట్లూ బెంచీలూ ఉండే పార్కు కాదు. రోలర్ కోస్టరూ, దయ్యాల కొంపా, ఊళ్లో ఎక్కణ్నుంచి చూసినా కనపడే జెయింట్ వీలూ ఉన్న పార్కు. కుందేలు వేషం, ఎలుగుబంటి వేషం వేసుకుని పిల్లలతో ఫొటోలు దిగేవాళ్లుంటారు కదా, ఆ వేషాలు ఉతికి, ఆరేసి, చిరిగితే కుట్టడం అమ్మ పని. ఉతికే గది వెనక తీగ మీద ఎలుగుబంట్లు కాళ్లు పైకి పెట్టి వేలాడుతుంటాయి. వాటి తలలు వేరేగా కర్రలకి తగిలించి ఉంటాయి. "ఈ కుందేలు కంపు చూడవే, లోపలున్నవాడు మనిషా ఊరగాయా!" అని ముక్కు మూసుకుంటుంది, మళ్లీ ఆ కుందేలు చెవులే ఎంతో ముద్దుగా దువ్వుతుంది.

జెయింట్ వీల్ నడిపేది రాట్నం పిన్ని. సొంత పిన్ని కాదు, పక్క వాటాలో ఉంటుంది. చిన్నప్పుడు దొరికిన ప్రతి గొట్టానికీ వేలాడేదాన్నని నన్ను "కోతీ" అని పిలుస్తుంది. ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు కూడా "కోతికి కుర్చీ ఇచ్చారటే!" అని వాకిట్లో నిలబడి అందరికీ వినపడేలా నవ్వింది. ఇద్దరూ పొద్దున కలిసే వెళ్తారు, సాయంత్రం కలిసే వస్తారు. దారంతా టై సార్ మీద జోకులే. టై సార్ అంటే అక్కడి సూపర్‌వైజరు, మండుటెండలో కూడా మెడలోంచి టై తియ్యడు.

యూనిఫాంలో ఉన్నవాళ్లు రైడ్లు ఎక్కకూడదని పార్కు రూలు. అందుకని ఇన్నేళ్లుగా పిన్నిది ఒకటే మాట.

"ఉద్యోగం మానేసేలోపు ఒక్కసారన్నా నిన్ను ఎక్కిస్తానే. ఎక్కించి పైన ఆపేస్తా. ఏడ్చి మొత్తుకునేదాకా దింపను."

"నీ మొహం, నీ వీలూనూ. నాకు కళ్లు తిరుగుతాయి."

కళ్లు తిరుగుతాయనేది గానీ, ఎలుగుబంట్లకి క్లిప్పులు పెడుతూ పెడుతూ తలెత్తి వీల్ వైపు చూసేది. నేను చూశాను.

ఇక నా సంగతి. నాకు రైడ్లంటే పిచ్చి. చక్రాల చప్పుడు విని ఏ కోస్టరో చెప్పేస్తాను. ఎక్కడో దేశాల్లో కట్టిన కోస్టర్ల ఎత్తులూ వేగాలూ నిద్రలో లేపి అడిగినా చెప్తాను. అలాంటి నాకు ఈ వేసవి మొదట్లో ఫోన్లో పార్కువాళ్ల ప్రకటన కనపడింది. "పార్కు మూశాక మీ కోసమే!" ఆరింటికి జనాన్నందర్నీ పంపేసి గేట్లు వేసేస్తారు. మామూలు టికెట్టు మీద ఇంకా డబ్బు కట్టినవాళ్లకి బంగారు రంగు బ్యాండు కడతారు. వాళ్లు మాత్రం ఎనిమిదిన్నరదాకా ఉండొచ్చు. క్యూ లేదు! ఎండ లేదు! ఒక రైడు దిగి మళ్లీ అదే రైడు ఎక్కొచ్చు! బస్సులో నిలబడే రెండు బ్యాండ్లు కొనేశాను, అమ్మకొకటి, నాకొకటి.

రైడ్ల పేర్లు చూస్తే జెయింట్ వీల్ లేదు. ప్రాణం ఉసూరుమంది. కింద "మీ కోరిక చెప్పండి" అని ఒక బటను కనపడింది. నొక్కి, జెయింట్ వీల్ అని కొట్టాను. మర్నాడే జవాబు. "మీ కోసం ప్రత్యేకంగా తెరుస్తున్నాం." ఆఫీసులో కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. పక్క సీటువాడు పెళ్లి కుదిరిందా అని అడిగాడు.

అమ్మకి ఏమీ చెప్పలేదు. శనివారం డ్యూటీ అయ్యాక మంచి బట్టలు కట్టుకుని ముందు గేటు దగ్గరికి రమ్మన్నానంతే.

ఆ శనివారం పొద్దున అమ్మ పెందలాడే వెళ్లిపోయింది. పంపు దగ్గర పిన్ని ఒక్కతే ఉంది, బిందె మీద కోపం తీర్చుకుంటోంది.

"ఏమైంది పిన్నీ?"

"ఎవడో మహారాజుకి మూశాక జెయింట్ వీల్ ఎక్కాలని బుద్ధి పుట్టిందటే కోతీ. బటను నొక్కాడట. టై సారు నన్ను ఎనిమిదిన్నరదాకా ఉండమన్నాడు. ఏడింటి బస్సుకి మా పిల్ల దిగుతుంది. హాస్టల్ నుంచి ఒక్కతే రావడం ఇదే మొదలు. వాళ్ల నాన్నకి నైట్ డ్యూటీ. ఆ బటను నొక్కినవాడి వేలు విరగ!"

నా చేతిలో బ్రష్షుంది. నోటి నిండా నురగ.

చెప్పొచ్చు. ఫోన్ తీసి వీల్ వద్దని ఒక్క మాట కొట్టొచ్చు. కానీ అప్పుడు నా బుర్రలో ఏం తిరుగుతోందంటే, సాయంత్రం మమ్మల్ని చూసి పిన్ని నోరెళ్లబెడుతుంది, "నువ్వటే ఆ మహారాజువి!" అని నా చెవి మెలేస్తుంది, ముగ్గురం పడీపడీ నవ్వుకుంటాం. పిల్ల కాసేపు బస్టాండులో కూర్చుంటే కొంప మునగదు. నురగ ఉమ్మేసి, "అయ్యో పిన్నీ" అని లోపలికొచ్చేశాను.

సాయంత్రం అమ్మ ముందు గేటు దగ్గర నిలబడి ఉంది. రోజూ వెనక గేటులోంచి వెళ్లే మనిషి, పరాయి ఊళ్లో దిగినట్టు అటూ ఇటూ చూస్తోంది. చేతికి బ్యాండు కట్టేసరికి "ఎంత తగలేశావే?" అంది. కానీ మొహం వెలిగిపోయింది. రోజూ ఆవిడ సంచి తడిమి చూసే గార్డు ఇవాళ నడుం వంచి దణ్ణం పెట్టాడు. "రండి మేడమ్." అమ్మ మోచేత్తో నన్ను పొడిచి కిసుక్కున నవ్వింది.

లోపల మనుషులే లేరు. నీళ్లు చల్లి కడిగిన దారులు, ఖాళీ క్యూ కంచెలు. కోస్టర్ మీద అమ్మ పెట్టిన కేక పార్కంతా వినపడి ఉంటుంది. దిగాక "మళ్లీ ఎక్కుదామా?" అని అడిగింది, చిన్నపిల్లలా. నేను ఆకాశంలో ఉన్నాను.

తర్వాత దయ్యాల కొంప. చీకట్లోంచి తెల్లగుడ్డ దయ్యం మీదకి దూకింది. ఆ గుడ్డ ఉతికింది అమ్మే.

"ఒరేయ్, నువ్వా! ఇంకా ఇంటికెళ్లలేదేంట్రా? పొద్దున్నుంచి ఇందులోనే ఉన్నావా?"

దయ్యం ఇంకోసారి చేతులు ఊపింది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "మేడమ్, దయచేసి భయపడండి. పైన కెమెరా ఉంది," అంది.

నేను పగలబడి నవ్వాను. అమ్మ నవ్వలేదు. "కెవ్" అంది, చిన్నగా, వాడి కోసం. బయటికొచ్చాక బ్యాండు మీదకి కొంగు లాక్కుంది.

"చాల్లేవే, ఇంటికి పోదాం."

"అసలుది ఇంకా ఉందమ్మా! కళ్లు మూసుకో!"

కళ్లు మూయించి, చెయ్యి పట్టుకుని, జెయింట్ వీల్ మెట్ల దాకా నడిపించాను. అక్కడ పిన్ని లివర్ దగ్గర నిలబడి ఉంది. పక్కన టై సార్, చేతిలో ట్యాబ్.

అమ్మ కళ్లు తెరిచింది.

"ఒసే! నువ్వేంటే ఇక్కడ? పిల్ల బస్సు ఏడింటికి కదా?"

పిన్ని అమ్మ మొహం చూసింది. తర్వాత అమ్మ చేతికున్న బ్యాండు చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను నవ్వుతూనే ఉన్నాను, చెవి మెలేస్తుందని.

"రండి మేడమ్. మెట్టు చూసుకోండి."

"మేడమేంటే నీ మొహం..."

"ఇవాళ మీరు మా అతిథులు మేడమ్," అన్నాడు టై సార్, పళ్లన్నీ కనపడేలా. "మావాళ్లు మర్యాదకి లోటు రానివ్వరు."

"పిల్లని తేవడానికి ఎవరెళ్లారే?"

"బెల్టు పెట్టుకోండి మేడమ్," అంది పిన్ని. "మీరు చేతులు లోపల పెట్టుకోండి."

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఉతికి ఇస్త్రీ చేసిన గొంతు.

వీల్ కదిలింది. పైకి వెళ్లింది. సరిగ్గా పైన ఆగింది. పిన్ని ఆపలేదు, ప్యాకేజీలో ఉంది. "ఈ క్షణాలు మీ కోసమే!" అని స్పీకర్లో ఎవరో ఆడమనిషి తియ్యగా చెప్పింది. ఊరంతా లైట్లు వెలుగుతున్నాయి. మా వీధి కనపడుతోంది. చూపిద్దామని చెయ్యెత్తాను. అమ్మ ఊరి వైపు చూడటం లేదు. వంగి, కింద గుండీ అంత కనపడుతున్న పిన్ని టోపీ వైపు చూస్తోంది.

"వీల్ కావాలన్నదెవరు?"

"నేనే అమ్మా. నీకిష్టమని..."

"దాని పిల్ల వస్తోందని తెలుసా నీకు?"

పొద్దున పంపు దగ్గర మాట అంతా చెప్పాను. వేలు విరగ అన్నదొక్కటే చెప్పలేదు.

అమ్మ తిట్టలేదు. "తెలిసీనా?" అంది. అంతే.

కిందికి రాగానే అమ్మ బెల్టు పీకేసింది. "చాలే. మేం దిగిపోతున్నాం. నువ్వెళ్లు, పరిగెత్తు."

పిన్ని టై సార్ వైపు చూసింది.

"మేడమ్, మీరు ఎక్కినా ఎక్కకపోయినా ఇది ఎనిమిదిన్నరదాకా తెరిచే ఉండాలి. బుక్ చేశారు కదా," అన్నాడు టై సార్, ఎంతో వినయంగా.

అప్పుడు అమ్మ నా వైపు తిరిగింది. "వెళ్లు. పిల్లని తీసుకురా."

చేతికి బ్యాండుతోనే పరిగెత్తాను. బస్టాండులో పిల్ల పెట్టె మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు గానీ, పెట్టె పిడిని రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"అక్కా, మా అమ్మేది?"

"పని పడిందిరా. ఎవరో పెద్దవాళ్లు వచ్చారు, రైడు ఎక్కుతామని. అందుకని ఉండిపోవాల్సి వచ్చింది."

ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో.

"వాళ్లకి ఇళ్లు లేవా?" అంది పిల్ల.

పెట్టె అందుకోవడానికి ఎడంచెయ్యి చాపాను. కుడిచెయ్యి, అదే బ్యాండున్న చెయ్యి, బ్యాగు వెనకే ఉంచుకున్నాను, ఇంటిదాకా.

పిన్ని వచ్చేసరికి పిల్ల మా ఇంట్లో తిని నిద్రపోయింది. అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఒసే, ఒట్టు, నాకు తెలీదే."

ఇక్కడ టై సార్ లేడు. కెమెరా లేదు. మా వాకిలి, మా ఇరవై క్యాండిళ్ల బల్బు.

"పర్లేదండి," అంది పిన్ని. "మీరు పడుకోండి. పొద్దుపోయింది."

నిద్రపోతున్న పిల్లని లేపి, నడిపించుకుంటూ తీసుకెళ్లిపోయింది.

ఇంతటితో ఆగినా బాగుండేది. నేను ఆగలేదు. మర్నాడు పార్కువాళ్ల దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "జెయింట్ వీల్ ఆపరేటర్ మర్యాదగా ప్రవర్తించారా? నక్షత్రాలు ఇవ్వండి." పిన్నికి ఏదన్నా మంచి చెయ్యాలని తహతహలాడుతున్నాను కదా, ఉన్న నక్షత్రాలన్నీ ఇచ్చేశాను. కింద ఖాళీలో పెద్ద వ్యాసం కూడా రాశాను, ఇంత మర్యాద ఎక్కడా చూడలేదని. వారం తిరక్కుండా పిన్ని ఫొటో నోటీసు బోర్డెక్కింది. దానితోపాటు టై సార్ ఆర్డరు. అతిథులకి అంతగా నచ్చింది కాబట్టి, ఈ సీజన్ అంతా మూశాక జెయింట్ వీల్ తెరిచే ఉంటుంది, నడిపేది ఆవిడే.

సెలవులకి వచ్చిన పిల్ల సాయంత్రాలన్నీ కిటికీ దగ్గర కూర్చునేది. అక్కణ్నుంచి వీల్ లైట్లు కనపడతాయి.

అమ్మ ఒక్కతే ఇంటికొచ్చేది. పంపు దగ్గర పిన్ని బిందె పక్కకి జరిపి, "మీరు ముందు పట్టుకోండి" అనేది. అమ్మ చెయ్యని ప్రయత్నం లేదు. కావాలని బకెట్టు దారికి అడ్డంగా పెట్టింది. పిన్ని "కొంచెం జరుపుతారా?" అంది. ఇంకో రోజు పిన్ని ఆరేసుకున్న దుప్పటి మీద నీళ్లు ఒలకబోసింది. "ఫర్వాలేదండి, ఎండ ఉంది కదా" అంది పిన్ని. అమ్మ ఖాళీ చెంబుతో లోపలికొచ్చి పీట మీద కూలబడింది.

"అలగడం కూడా లేదే అది. అలగడానికి నేను దానికేమవుతాను?"

నేనూ వెళ్లాను. గుమ్మం దగ్గర నిలబడి, తప్పయిపోయింది పిన్నీ, నక్షత్రాల సంగతి కూడా నాదే, అని ఏడుస్తూ చెప్పాను. కుర్చీ వేసింది. ఆ ఇంట్లో నాకెప్పుడూ ఎవరూ కుర్చీ వెయ్యలేదు, నేను కిటికీ గట్టెక్కి కూర్చునేదాన్ని.

"అందులో తప్పేముందండి? మీరు డబ్బు పెట్టి కొనుక్కున్నారు. కూర్చోండి, మంచినీళ్లిస్తాను."

తాగాను. ఏం చెయ్యను, ఇచ్చింది కదా. గ్లాసు కడిగి పెడదామని లేస్తే, "అక్కడ పెట్టండి, నేను తీస్తాను" అంది.

సెలవులు అయిపోవచ్చాయి. పిల్ల పెట్టె సర్దుకుంటోందని తెలిసిన రోజు అమ్మ పనికి సెలవు పెట్టింది. "నడు, టికెట్టు కొందాం" అంది.

"ఏ టికెట్టు?"

"మామూలుది. జనం కొనేది."

మిట్టమధ్యాహ్నం. జెయింట్ వీల్ క్యూ కంచెల మధ్య మెలికలు తిరిగి ఎక్కడికో పోయింది. ముందు ఒకడు ఐస్‌క్రీం కారుస్తున్నాడు, వెనక ఒకావిడ పిల్లాడు నా వీపు మీద డప్పు కొడుతున్నాడు. అమ్మ చెప్పుల్లో కాళ్లు మార్చుకుంటూ నిలబడింది. నీడలో నిలబడమ్మా, నీ చోటు నేను చూస్తాను అంటే, "నా చోట్లో నేనే నిలబడాలి" అంది. క్యూలు తప్పించుకోవడం గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆ రోజు ఒక్క ముక్క మాట్లాడలేదు.

మా వంతు వచ్చింది. పిన్ని మమ్మల్ని చూసింది. మా చేతులు చూసింది. బ్యాండ్లు లేవు. మామూలు టికెట్టు ముక్కలు, చెమటకి తడిసినవి.

ఇద్దరం ఎక్కాం.

"కూర్చోండి," అంది పిన్ని.

అమ్మ నా వైపు చూసింది. నాకూ అదే అనుమానం. కూర్చోండి అంటే ఇద్దరున్నాం కాబట్టి ఇద్దరికీ చెప్పినట్టా? లేక అమ్మకి మర్యాద ఇచ్చినట్టా? ఎలా తెలుస్తుంది? నేను ఆ సీట్లో ఉన్నంతసేపూ తెలియదు.

దిగిపోయాను.

"నాకు కళ్లు తిరుగుతాయి," అన్నాను, ఎవరితోనని కాకుండా. అన్ని కోస్టర్లు ఎక్కిన నోటితో.

ఇప్పుడు సీట్లో అమ్మ ఒక్కతే. పిన్ని చెయ్యి లివర్ మీద ఉంది. క్యూలోంచి ఎవరో "కానివ్వండమ్మా!" అని అరిచారు. పిన్ని నోరు తెరిచి, మూసి, పక్కనున్న కంచె వైపు తిరిగింది.

"బెల్టు పెట్టుకోవడం అయిందా?"

కంచెని అడిగింది.

"అయింది," అంది అమ్మ, ఎదురుగా ఉన్న స్తంభంతో. "కళ్లుంటే కనపడుతుంది."

పిన్ని లివర్ లాగింది. అమ్మ చెప్పులు నా తల మీదుగా పైకి వెళ్లిపోయాయి. పైన ఆగలేదు. అందర్నీ తిప్పినట్టే తిప్పింది. ఒక చుట్టు కిందికి వచ్చినప్పుడు చూశాను, అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ నవ్వుతోంది.

నేనూ నవ్వబోయాను. కంచె పట్టుకుని అక్కడే నిలబడి, పిన్ని నన్ను కూడా ఏదన్నా అంటుందని, స్తంభంతోనైనా, కంచెతోనైనా, ఎదురుచూశాను.

పిన్ని నా వైపే తిరిగింది. సూటిగా నా మొహంలోకే చూసింది.

"దిగినవాళ్లు ఇక్కడ నిలబడకూడదండి," అంది. "మీరు వెళ్లే దారి అటు."